సామాన్ల గది

ఇళ్ళకి ప్లాన్లు గీసి, అనుమతులు తెప్పించడం నా పని. పెరట్లో ఏం కట్టుకున్నా ప్రహరీకి మూడడుగులు వదలాలని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి చెప్పి, చివరికి నాకే మూడడుగుల మాస్టారని పేరు పడింది. పెళ్ళిలో ఫొటోకి నిలబడినా పక్కవాడికి మూడడుగులు వదులుతానని మా బావమరిది ఎగతాళి.

ఈ విద్య మా అక్క పెట్టిన భిక్ష. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక ఒక దర్జీ దుకాణం వెనక గదిలో ఉంటూ, రెక్కలు ముక్కలు చేసుకుని నన్ను చదివించింది. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే "ముందు వీణ్ణి ఒక కొలతకి రానివ్వండి" అని నవ్వేసేది. నేను కొలతకి వచ్చేసరికి ఆ మాటెత్తేవాళ్ళు లేకుండా పోయారు.

మూడేళ్ళ కిందట ఆ దుకాణం మూతపడింది. అక్క కుట్టు మిషనుతో సహా మా ఇంటికి వచ్చింది. పెరట్లో చిన్న గది కట్టించాను. ప్లానులో ఆ గదికి గీసిన గడి మధ్యన "సామాన్ల గది" అని రాశాను. మనిషి ఉండే గదైతే నిబంధనలు వేరు. కిటికీ ఉండాలి, ఉండేవాళ్ళ పేరు దరఖాస్తులో రాయాలి. కిటికీ పెద్ద పనేం కాదు. పేరు రాయడానికే నాకు చెయ్యి రాలేదు. రాస్తే అక్క ఇక ఇక్కడే ఉండిపోయినట్టు కదా. నాలుగు రోజులు పోతే ఇంకెక్కడైనా కుదురుకుంటుందిలే అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. అప్పుడు వెయ్యలేదు, అది ఇంకా సిగ్గు.

కప్పు కింద జానెడు వెంటిలేటరు తప్ప ఆ గదిలోకి వెలుతురు వచ్చే దారి లేదు. సూదిలో దారం ఎక్కించడానికి అక్క పట్టపగలే లైటు వేసుకునేది. "ఒక కిటికీ పెట్టించరా" అని రెండు మూడుసార్లు అడిగింది.

"రూల్సు ఒప్పుకోవక్కా" అన్నాను.

"అయితే వద్దులే. నీకు మాటొస్తుంది" అంది. ఊరందరికీ రూల్సు చెప్పే తమ్ముడి మాట ఆమెకి వేదవాక్కు.

మొన్న సోమవారం, ఎవరో ఫిర్యాదు చేశారని ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పెరట్లో గది చూపించమన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, లోపలేముందని అతను అడక్కముందే తలుపు దగ్గర నిలబడి గట్టిగా చెప్పాను.

"ఏముందండీ, అంతా పాత సామాను."

అతనే తలుపు తోశాడు. మంచం, మిషను, మిషను ముందు అక్క.

అతను నన్ను దాటుకుని లోపలికి వెళ్ళాడు. అక్కనే అడిగాడు. "ఇక్కడే ఉంటారామ్మా?"

"అవును బాబూ, మూడేళ్ళ నుంచీ."

"మరి కిటికీ లేదేంటి?"

"రూల్సు ఒప్పుకోవట కదా" అంది అక్క, నా తరఫున నచ్చజెబుతున్నట్టు.

"ఎవరు చెప్పారమ్మా? సామాన్లకైతే అక్కర్లేదు గానీ, మనిషుంటే కిటికీ లేకపోవడమే తప్పు."

నాకు తల కొట్టేసినంత పనైంది. అక్క నావైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది. పది రోజుల్లో సరైన ప్లానుతో దరఖాస్తు పెట్టకపోతే ఆమెని ఖాళీ చేయించాల్సి వస్తుందని నాతో చెప్పి ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే కొత్త ప్లాను గీశాను. గడిలో "పడక గది" అని రాశాను. దరఖాస్తులో అక్క పేరు, ఇంటిపేరుతో సహా, నా చేత్తోనే రాశాను. ఇక కిటికీ ఎక్కడో తేలితే చాలు. కాగితం పట్టుకుని వెళ్ళి, లోపలికి అడుగు పడక గుమ్మంలోనే ఆగిపోయాను.

"కిటికీ ఎటువైపు పెట్టమంటావక్కా?"

అక్క సూదిని లైటు కిందకి ఎత్తి పట్టుకుని దారం ఎక్కిస్తోంది. ఎక్కాక కొసన ముడి వేసింది. గొంతులో కోపం కూడా లేదు.

"నీ ఇష్టంరా. పాత సామానుకి ఎటైతే ఏంటి?"