వెలగని ఎర్రలైటు

హిందూపురంలో మోటారుసైకిలుకు అదనపు లైట్లు బిగించాలంటే మెకానిక్కులు కూడా నన్ను అడిగే చేస్తారు. నా పాత బండికి ముందర రెండు తెల్లలైట్లు, ఎద్దు రంకె వేసినట్టు మోగే హారను, కాళ్లకు అడ్డంగా ఇనుప గార్డు, అన్నీ వాకిట్లో కూర్చుని కాఫీ చల్లారేలోపల బిగించేశాను.

ఇది కాస్త సాగదీసిన మాట. ఏ మెకానిక్కూ నన్ను సలహా అడగలేదు. తీసుకుపోయిన స్పానరు తిరిగి ఇమ్మని మాత్రం ఒకాయన అడిగాడు. ఇక కాఫీ అంటారా, మొదటిది చల్లారింది, మా ఆవిడ వేడి చేసి తెచ్చిందీ చల్లారింది, సాయంత్రానికి ఆమె కాఫీ తేవడమే మానేసింది. ఫోనులో వీడియో పెట్టుకుని చేస్తుంటే, సరిగ్గా తీగలు కలిపే చోట ఆ వీడియోవాడి చెయ్యి అడ్డం వచ్చేది. ఎక్కణ్ణుంచి కరెంటు తీసుకోవాలో తెలియక, వెనక బ్రేకు లైటు స్విచ్చికి కరెంటు తెచ్చే తీగను కోసి, దాని నుంచే కొత్త లైట్లకు ఇచ్చాను. అతుకుకు టేపు చుట్టాను. ముందర లైట్లు వెలిగాయి. వీధిలోవాళ్లు చూస్తున్నారు. నాకింకేం కావాలి?

మరునాడు పొద్దున బండికి పూజ చేశాం. హ్యాండిలుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, బ్రేకు వేశాను. మా ఆవిడ వెనక నిలబడి హారతి ఇస్తోంది.

"ఏమయ్యా, నువ్వు బ్రేకు తొక్కితే ఈడ ఎర్రలైటు ఎలగలేదే?"

"ఎండలో అట్లే ఉంటాదిలే. కనపడదు," అన్నాను.

అప్పుడు ఎండ లేదు. మబ్బుగా ఉంది. లైటు ఎందుకు వెలగలేదో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. విప్పి చూడాలంటే పైన బిగించినదంతా మళ్లీ విప్పాలి. పక్కన మా బామ్మర్ది నిలబడి, "బావా, ఏం లైట్లు! పెండ్లికొడుకు మాదిరి ఉండాది బండి," అంటున్నాడు. అతని ముందర విప్పడానికి మనసొప్పలేదు.

అతనిది ధర్మవరం. పట్టుచీరలు నేస్తాడు. మా మనవరాలికి చెవులు కుట్టిస్తే వచ్చాడు. తిరిగి పోయేటప్పుడు, మగ్గం మీద ఉన్న ముహూర్తపు చీర చూసి వద్దామని నేనూ మా ఆవిడా కూడా బయలుదేరాం. ముందర నా బండి, వెనక అతనిది. ఆ చీర పెండ్లివాళ్లకు మాట ఇచ్చినది, అప్పటికి సగం అయింది.

పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి గొర్రెల మంద ఒకటి రోడ్డుకు అడ్డం వచ్చింది. నేను బ్రేకు తొక్కాను. బండి నిలిచింది. వెనక నుంచి అతను వచ్చి నా బండికి కొట్టుకుని రోడ్డు మీద పడ్డాడు. మాకేమీ కాలేదు. అతనికి కుడిచెయ్యి మణికట్టు విరిగింది.

పెనుకొండలో ఆసుపత్రికి తీసుకుపోయాం. కట్టు కట్టేలోపల చుట్టూ చేరినవాళ్లంతా అతన్నే అన్నారు. "ముందర బండి ఉన్నెప్పుడు దూరం పెట్టుకోని రావల్ల గదప్పా!" అతను తల వంచుకుని నా వైపు చూశాడు.

"నాదే తప్పు బావా. నీ కొత్త లైట్లకు ఏమీ కాలేదు గదా?"

అప్పుడన్నా నోరు విప్పి ఉండవచ్చు. నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. "పోనీలేప్పా. ఇంకోతూరి చూసుకోని రా," అన్నాను. పెద్దమనసుతో క్షమించినట్టు అతని భుజం కూడా తట్టాను.

మగ్గంలో కుడిచేత్తో తాడు లాగితేనే నాడె నూలుతో అటూ ఇటూ పరుగెత్తుతుంది. ఆ చెయ్యి కట్టులో ఉంటే మగ్గం నిలిచిపోయినట్టే. సగం నేసిన చీర మీద దుప్పటి కప్పారు. పెండ్లివాళ్లు ఓపిక పట్టినంత పట్టి, ఇంకొక మగ్గం వాళ్ల దగ్గర చీర తీసుకున్నారు. ఆ మాట ఫోనులో విన్న పూట నేను అన్నం దగ్గర కూర్చుని లేచిపోయాను. వాకిట్లోకి పోయి బండి విప్పి చూశాను. టేపు కింద అతుకు ఊడి, తీగ కొస గాలికి వేలాడుతోంది. సరిగ్గా కలిపి మెలేసి బ్రేకు తొక్కితే, ఎర్రగా, ఎంత ఎండలోనైనా కనపడేటట్టు వెలిగింది.

తరువాత మేము ధర్మవరం పోయాం. అతని పక్కన కూర్చుని, కట్టున్న చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని జరిగిందంతా చెప్పేశాను. అతను నవ్వి, "పోనీలే బావా," అన్నాడు. నా గుండె తేలికైంది.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయలు తుంచడం ఆపి నా మొహంలోకి చూసింది.

"యాడ చెప్పినావయ్యా నువ్వు? చెప్పింది నేను. నువ్వు లోపలికే రాలేదు, బయట బండి తుడుస్తా నిలబడినావు. వాడు నవ్వనూ లేదు. 'తెలిసి కూడా నాకు బుద్ధి చెప్పినాడా బావ?' అన్నాడు, అంతే. మగ్గం ఇంకా అట్లే ఉండాది. ఈ కాగితాలు ఆడ పెట్టి, పోయి నీ నోటితో నువ్వు చెప్పు."