లామినేషన్ చేయించిన సర్టిఫికెట్

లారీల వెనక హారన్ కొట్టమని ఇంగ్లీషులో రాసేవాణ్ణి నేను. ఆటోనగర్‌లో నా అక్షరాలకి పేరుండేది. ఏడో తరగతితో బడి మానేసినవాడికి ఇంత ఇంగ్లీషు ఎలా వచ్చిందని అడిగితే, "దొరలు పోతూ పోతూ నాకే అప్పజెప్పి పోయారండీ" అనేవాణ్ణి. నిజానికి ఓనరు చీటీ మీద రాసిచ్చింది చూసి బొమ్మ దించినట్టు దించేవాణ్ణి. అక్షరాలు తెలుసు, చదవడం రాదు. ఈ సంగతి మా చెల్లికి కూడా చెప్పలేదు.

చెల్లి చల్లపల్లిలో బీఏ చదివింది. ఎమ్మే ఇంగ్లీషు ఎంట్రన్స్ రాసి ర్యాంకు తెచ్చుకుంది. మా ఊరికి ఉత్తరాలు ఆలస్యమని, కౌన్సెలింగ్ కబురు మా షాపు అడ్రసుకి తెప్పించుకోమన్నాను. జిరాక్సులు తీయించమని సర్టిఫికెట్లు నా దగ్గరే ఉంచి వెళ్ళింది.

ఉత్తరం వచ్చింది. అంతా ఇంగ్లీషే, తారీఖూ టైమూ అంకెల్లో ఉన్నాయి గనక తెలిశాయి. కింద ఒక లైను లావుపాటి అక్షరాల్లో ఉంది. అచ్చు బాగా కుదిరిందనుకున్నాను, అంతే. చెల్లి పక్క షాపుకి ఫోన్ చేసింది.

"ఏం రాశారన్నయ్యా?"

"పద్నాలుగో తారీఖు పదింటికి రమ్మన్నారు. ఒరిజినల్స్ తెచ్చుకోమన్నారు." ఈ చివరి మాట నేను ఊహించి చెప్పిందే.

"ఇంకేం లేదా? మొత్తం చదివావా?"

"చదివానమ్మా. మీ అన్నయ్యని కూడా తీసుకురా, సీటు మిగిలితే ఆయనకిస్తామన్నారు."

"షాపాయన పక్కనే..." అని మధ్యలో ఆపేసింది. తర్వాత నవ్వింది.

నేనుండే గది వానకి కారుతుంది. రంగు ఆరిన బోర్డుకి వార్నిష్ వేసే అలవాటు నాది. ఆ తెలివితోనే చెల్లి డిగ్రీ ప్రొవిజినల్ సర్టిఫికెట్టుకి లామినేషన్ చేయించాను. చెల్లి మురిసిపోతుందనుకున్నాను.

పద్నాలుగున బస్సులో ఉత్తరం తన చేతికిచ్చాను. చదువుతూ లావు అక్షరాల దగ్గర ఆగింది. సంచిలోంచి సర్టిఫికెట్టు తీసి, ప్లాస్టిక్ మీద వేలితో రుద్ది చూసింది. రెండూ మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

"లామినేషన్ చేసినవి చెల్లవని ఉత్తరంలోనే రాశాం గదమ్మా. ఇంగ్లీషు ఎమ్మేకి వచ్చి ఆ మాత్రం చదువుకోలేదా?" అన్నాడు కౌన్సెలింగ్ దగ్గర గుమాస్తా.

"నేనే చూసుకోలేదండీ," అంది చెల్లి, నా వైపు చూడకుండా.

పాత రంగు గీకే చెయ్యి గదా, బయటికి పోయి బ్లేడుతో ప్లాస్టిక్ లేపబోయాను. సీలూ సగం సంతకమూ దానితోపాటే ఊడి వచ్చాయి. లోపల తన తర్వాతి ర్యాంకువాళ్ళని పిలుస్తున్నారు.

కొత్త సర్టిఫికెట్టు కోసం తిరగడంలోనే ఆ ఏడాది గడిచింది. మళ్ళీ ఎంట్రన్స్ రాసింది, మళ్ళీ ఉత్తరం వచ్చింది. ఈసారి కవరు చింపకుండా పొద్దున్నే బస్సెక్కి చెల్లి దగ్గరికి తీసుకుపోయాను. దారంతా ఒక జోకు సిద్ధం చేసుకున్నాను గానీ నోట్లోంచి రాలేదు.

"నాకు చదవడం రాదమ్మా," అన్నాను.

"నిరుడు ఫోన్లోనే తెలిసిందన్నయ్యా. పక్క షాపాయన చేత చదివించమందామనుకున్నా. ఆయన ముందు నీ పరువు పోతుందని ఊరుకున్నా."

కవరు చింపి, ఒక్కో లైనూ తెలుగులో చెబుతూ చదివింది. నేను తలెత్తలేదు.