పసుపు పూసిన ఫ్లాపీ

సైకాలజీ సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్, అంటే నా పరిశోధన గురించి ఒక పేజీ సారాంశం, పంపడానికి ఆ రోజే ఆఖరు. పరీక్షల కంగారులో పిల్లోళ్లు చదివిందంతా ఎట్లా మరిచిపోతారనేది నా పరిశోధన. నా రాత బయటికి పోవడం అదే మొదలు. ముందురోజే ఫ్లాపీలో ఎక్కించుకొచ్చి, అమ్మకు చూపించి మురిసిపోయినాను. పొద్దున్నే తిరుచానూరులో బస్సెక్కి, తిరుపతిలో ఇంటర్నెట్ సెంటరుకు పరిగెత్తినాను.

సంచిలోంచి తీసిస్తే సెంటరాయన దాన్ని తిప్పి తిప్పి చూసినాడు.

"ఇది ఫ్లాపీనా మా, దేవుడి పటమా?"

నేను స్నానానికి పోయినప్పుడు అమ్మ దానికి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, మళ్లీ సంచిలో పెట్టేసింది. కొత్త వస్తువేదైనా సరే, మా ఇంట్లో బొట్టు లేకుండా గడప దాటదు. తడి పసుపు ఫ్లాపీ మీదుండే రేకు మూత సందులోకి దిగింది. కంప్యూటరు దాన్ని చదవనే లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మను మనసులోనే నాలుగు తిట్టి, "కీబోర్డు ఇట్లియ్యన్నా" అని కూర్చున్నాను. చూసి కొట్టడానికి కాగితం కూడా లేదు, కంగారులో నిమిషానికోసారి గడియారం చూసుకుంటా ఉండాను. అయినా గుర్తు తెచ్చుకుంటా ఆపకుండా కొట్టినాను. పంపేసి, పట్టలేని సంతోషంతో కేక పెడితే సెంటరంతా నా వైపే తిరిగింది.

తిరుగు బస్సులో ఉన్నట్టుండి నవ్వొచ్చింది. కంగారులో ఏదీ గుర్తుండదని చెప్పే ఆ పేజీని, అంత కంగారులో, ఒక్క మాట పొల్లుపోకుండా రాసి పంపినాను.