మందుగుండు కొట్ల దగ్గర వనభోజనం

కోటి గారు గన్నవరం దగ్గర ఒక పార్కులో వాచ్‌మన్. వయసు నలభై ఆరు. సొంతూరు కొల్లేటి లంకల్లో ఒకటి. తండ్రి, అన్నలు అంతా చేపల వేటే. ఈయన ఒక్కరే పంతొమ్మిదో ఏట పడవ దిగి ఆర్మీలో చేరారు. పదిహేడేళ్లు చేసి వచ్చాక పంచాయతీ వాళ్లు ఈ పార్కు అప్పజెప్పారు. మిలటరీ మనిషైతేనే బాగుంటుందన్నారట, ఎందుకంటే ఆ జాగా ఒకప్పుడు మిలటరీదే. యుద్ధకాలంలో మందుగుండు దాచిన కొట్లు మూడు ఇంకా ఉన్నాయి. మూరెడు మందం గోడలు, పైన మట్టి కప్పి గడ్డి పెంచారు. ఇప్పుడు వాటి మీంచి పిల్లలు జారుతుంటారు. ఒకదాని లోపల ఐస్‌క్రీమ్ ఫ్రిజ్జు పెట్టారు. పార్కుకి ఎవరొచ్చినా కోటి గారు టిక్కెట్టు కంటే ముందు "భోంచేశారాండీ?" అని అడుగుతారు.

ఆయన కూతురు సత్యశ్రీ మా స్కూల్లో ఎనిమిదో తరగతి. నేను తెలుగు టీచర్ని. పేరు కనకవల్లి. భవానీపురం నుంచి రెండు బస్సులు మారి వస్తాను. పొద్దున్నే చిరాగ్గా ఉంటానని పిల్లల ఫిర్యాదు. ఉంటాను మరి. రెండు బస్సులు మారి చూడండి, తెలుస్తుంది.

ఆగస్టులో 'మా నాన్న' అని వ్యాసం రాయమన్నాను. సత్యశ్రీ "మా నాన్న ఆర్మీలో వంట చేసేవాడు" అని మొదలుపెట్టింది. నేను చదివి పెదవి విరిచాను.

"ఏంటే ఇది? ఆర్మీ అన్నాక ఓ తుపాకీ ఉండొద్దూ? కాస్త బరువుగా రాయి, పోటీకి పంపిస్తా" అన్నాను.

పిల్ల తెలివైనది. మర్నాటికల్లా నాన్న చేతికి తుపాకీ ఇచ్చింది, మంచుకొండ ఎక్కించింది, నలుగురు శత్రువుల్ని కూల్చేయించింది. ప్రైజు వచ్చింది. అసెంబ్లీలో మైకు పట్టుకుని చదివింది నేనే. అప్పట్నుంచి క్లాసులో ఆ పిల్ల పేరు 'కెప్టెన్ గారమ్మాయి'.

కార్తీకమాసంలో వనభోజనాలు ఎక్కడంటే క్లాసంతా ఒకటే గోల, సత్యశ్రీ వాళ్ల నాన్న పార్కుకే వెళ్దామని. సత్యశ్రీ మాత్రం ఆ రోజు పార్కు దగ్గర బస్సు దిగుతుండగా నా కొంగు పట్టుకుంది.

"టీచర్, నాన్నకి ఆ వ్యాసం సంగతి తెలీదు. వీళ్లు అడుగుతారు. నాన్న ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు."

చెబితే ఇక ఆ పిల్ల క్లాసులో తలెత్తుకోలేదు. అందరికంటే ముందు గేటు దగ్గరికి పరుగెత్తి, కోటి గారిని పక్కకి పిలిచి సంగతి చెప్పాను. తుపాకీ పెట్టమన్నది నేనేనన్న ముక్క మాత్రం మింగేశాను.

ఆయన తల గోక్కున్నారు. "మా అమ్మాయి అంత మాట రాసిందాండీ!" అన్నారు. కోపమో నవ్వో నాకు అంతుపట్టలేదు. "సరేలెండి మేడం గారూ. అడిగితే ఊ కొడతాను. పిల్లది నలుగుర్లో చిన్నబోకూడదు కదండీ."

ఊ కొట్టారు కూడా. "నిజంగా నలుగుర్నా అంకుల్?" అని జెస్సికా అనే పిల్ల అడిగితే, "ఆఁ, ఏదోలేమ్మా" అంటూ నీళ్ల పైపు పట్టుకుని మొక్కల వైపు వెళ్లిపోయారు. హమ్మయ్య అనుకున్నాను.

భోజనాల వేళకి ఉసిరిచెట్టు కింద బంతులు తీరి కూర్చున్నాం. పులిహోర, గారెలు, గుమ్మడికాయ పులుసు, చక్రపొంగలి. పెద్దవాళ్లకి ముందు వడ్డించాలని పిల్లలకి నేర్పింది నేనే. వాళ్లు బంతి మొదట్లో కోటి గారికి విస్తరి వేసి, ఆయన రాకముందే అన్నీ వడ్డించేశారు. గ్లాసులో నీళ్లు కూడా పోశారు. ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి ప్రతి విస్తరి ముందూ మనిషి ఉన్నాడు, ఆ ఒక్కదాని ముందు తప్ప.

ఆయన ఆగిపోయారు.

"ఎవరిది? ఎవరు రాలేదు?" అని అరిచారు. "లెక్కపెట్టండి! ఎవరు రాలేదో చెప్పండి ముందు!"

పిల్లలు హడలిపోయారు. "అది మీదే అంకుల్" అంది జెస్సికా.

ఆయన చెట్టు పట్టుకున్నారు. "అలా వడ్డించి ఉంచకూడదమ్మా" అన్నారు. "మనిషి కూర్చున్నాకే వడ్డించాలి. ఓసారి నేనూ ఇలాగే చేశాను. పదకొండుమంది గస్తీకెళ్లారు. చలిలో ఆకలి మీద వస్తారు కదా, రాగానే తింటారని పదకొండు పళ్లేల్లో పెట్టేసి ఉంచాను. పదిమందే వచ్చారు. ఒకాయన మంచుకింద ఉండిపోయాడు. ఆ పళ్లెం ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. మూడు రోజులు అలాగే ఉంచాను."

"మీరెందుకు వడ్డించారంకుల్? మీరూ గస్తీకి వెళ్లాలి కదా?" అంది జెస్సికా.

"నేను వంటవాణ్ణమ్మా."

అనేసి నాలుక కరుచుకుని కూతురి వైపు చూశారు. అప్పటికే బంతంతా ఆ పిల్ల వైపు తిరిగింది. "అయితే వ్యాసం అంతా కోతలేనా?" అన్నారు వెనకనుంచి ఎవరో. సత్యశ్రీ తల విస్తట్లోకి వంగిపోయింది. ఒక్కసారి కళ్లెత్తి నన్ను చూసింది. చూసిందే గానీ నా పేరు బయటపెట్టలేదు.

ఇరవై రెండేళ్ల సర్వీసులో పిల్లల ముందు తప్పు ఒప్పుకున్న మనిషిని కాను నేను. ఆ చూపుకి సిగ్గేసింది. బంతి మధ్యలో లేవకూడదు, అయినా లేచాను.

"ఆ పిల్ల మొదట వంటవాడనే రాసింది. బాగాలేదని తుపాకీ పెట్టించింది నేను. కోతలు నావి. నవ్వేవాళ్లు నన్ను చూసి నవ్వండి."

సత్యశ్రీ లేచి వెళ్లి, నాన్న చెయ్యి పట్టుకుని ఆ విస్తరి ముందు కూర్చోబెట్టింది. పక్కనే తనూ చతికిలబడింది.

"నాన్నా, రాకుండా పోయినాయన పేరేంటి?"

"సొలొమోను." పులిహోర తీసుకోబోతున్న చెయ్యి ఆగింది. "ముఖం సరిగ్గా గుర్తులేదే. ఆరు చపాతీలు తినేవాడు. ఆ రోజు నాలుగే పెట్టాను, మిగతా రెండూ వచ్చాక వేడిగా వేద్దామని."