కురచ తుపాకికి మందు

ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో ఉండే నారపరెడ్డి తుపాకికి గొట్టం కురచ. ముతక మందు పోస్తే సగం బయటికొచ్చి మండుతుంది. మరీ సన్నం పోస్తే గొట్టమే పగలొచ్చు. అందుకే మందు విషయంలో ఆయన ఎవరినీ నమ్మడు. నంద్యాల అంగట్లో చిటికెడు తీసుకుని, ఎడమ కన్ను సగం మూసి వేళ్ల మధ్య నలుపుతాడు. తెల్లకాగితం మీద పోసి అంటిస్తాడు. కాగితానికి మసి అంటితే బొగ్గు ఎక్కువ కలిపారని లేచిపోతాడు. అంటకపోతే, చూపించింది ఒకటి, కట్టిచ్చింది ఇంకొకటేమోనని పొట్లం విప్పించి మళ్లీ అంటిస్తాడు.

యుద్ధం వచ్చాక అంగళ్లలో మందు కరువైంది. అడవిపందులు నారపరెడ్డి జొన్నచేను పాడుచేస్తున్నాయని విని, ఆయన భార్య ఓబులమ్మ తమ్ముడు సుంకిరెడ్డి చాగలమర్రి నుంచి ఒక డబ్బా మందు తెచ్చాడు. నారపరెడ్డి కాగితం మీద అంటించి చూశాడు. మసి లేదు. అయినా డబ్బానూ బావమరిది మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఈ కరువులో ఇంత మంచి మందు నీకు యాడ దొరికిందప్పా?"

"నీ కోసరం యాడాడో తిరిగి తెచ్చినా బావా."

నారపరెడ్డి గొట్టంలో మందు పోసి, కడ్డీతో దట్టించి, తుపాకి అతని చేతికిచ్చాడు. "అట్లయితే ముందు నువ్వే పేల్చు."

సుంకిరెడ్డి క్షణంసేపు ఆయన్నే చూశాడు. తర్వాత తుపాకి చెంపకు ఆనించి పేల్చాడు. గొట్టం చెక్కుచెదరలేదు.

"మంచి మందే" అని నారపరెడ్డి తృప్తిగా నవ్వాడు.

అంతలో ఓబులమ్మ తమ్ముడికి మజ్జిగ తెచ్చింది. సుంకిరెడ్డి అక్క మొహం చూడకుండా చెంబు అందుకుని, బావ ముందుకు చాపాడు.

"ముందు నువ్వొక గుక్క తాగు, బావా."