ఎవరి డప్పు వాళ్లు కాపొద్దు

మా డప్పు సార్ పోయారు. చెల్పూర్‌లో డ్యూటీకి తయారవుతుంటే కిరణ్ ఫోన్ చేశాడు. “సార్ పోయిండే. మూడింటికి తీస్తరట. డప్పు తీస్కొని రా.” అంతే, పెట్టేశాడు. చిన్నప్పటి నుంచీ వాడి మాటకు కొసరు ఉండదు. డప్పు ఒళ్లో పెట్టుకుని, రిటైరయ్యాక సార్ ఉంటున్న మహబూబాబాద్‌కు బస్సెక్కాను. మబ్బు కమ్ముకొస్తోంది. కడచూపు దక్కుతుందో లేదోనని ఒక భయం, వాన పడితే తోలు మెత్తబడుతుందని ఇంకొకటి.

నర్మెట్ట బడిలో ఆయన మాకు చెప్పింది సాంఘికం. చివరి గంట కొట్టాక మాత్రం డప్పు సారే. డప్పులన్నీ ఆయన ఇంటి నుంచి తెచ్చినవి. “మా నాయిన వీటిని చావులకే కొట్టిండు. మీరు పండుగలకు కొట్టుండ్రి” అనేవారు నవ్వుతూ.

నేర్చుకునేవాళ్లలో ఊరి పిల్లలు ఒక జట్టు, తండా నుంచి వచ్చే మేము ఇంకో జట్టు. మేం మా భాషలో ఏదన్నా అనుకుంటే తమను తిడుతున్నామని వాళ్ల అనుమానం. సగం సార్లు అది నిజమే. కిరణ్ ఊళ్లో పెద్ద ఆసామి కొడుకు. మొదటి దరువు ఎత్తుకునేది వాడా, నేనా అన్నది మా ఇద్దరికీ ప్రాణం మీది మాట. ఒకరోజు పుల్లలతో కొట్టుకునేదాకా వెళ్లాం. సార్ అరవలేదు. ఒకే డప్పు తెచ్చి, కుడిచేత్తో కొట్టే లావుపాటి చిర్ర నాకిచ్చారు, ఎడమచేతి సన్నపుల్ల వాడికిచ్చారు.

“ఇద్దరు కలిసి ఒక్కరి లెక్క కొట్టుండ్రి. వచ్చేదాక ఇంటికి పోయేది లేదు.”

పొద్దుగూకే వేళకు దరువులాంటిది ఏదో వచ్చింది. ఆకలికి వచ్చింది లెండి, ప్రేమకు కాదు.

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. కొట్టేముందు డప్పును గడ్డిమంట దగ్గర కాపాలి, అప్పుడే తోలు బిగిసి ఖంగుమంటుంది. వేడి చాలకపోతే మూగబోతుంది, ఎక్కువైతే చిట్లిపోతుంది. “జరమొచ్చిన పిల్ల నొసలు లెక్కుండాలె” అని మా అరచేతులు తోలుకు ఆనించి చూపేవారు. అయితే ఎవరి డప్పు వాళ్లు కాపకూడదు. నాది కిరణ్ కాపాలి, వాడిది నేను. ఇంతకన్నా పెద్ద శిక్ష ఉండదనుకునేదాన్ని.

ఆ ఏడు పోటీలు మహబూబాబాద్‌లో పెట్టారు, మొదటి దరువు నాకిచ్చారు. తీరా వెళ్తే పొద్దుటి నుంచీ ముసురు. మైదానం వెనక రేకుల కింద మంట వేస్తే పొగే ఎక్కువ వచ్చింది. మా దగ్గర అదనపు డప్పు లేదు. ఒకటి చిట్లితే ఒకరు బయటే. నేను కిరణ్ డప్పు తిప్పుతూ మాటిమాటికీ వాడి వైపు చూశాను. వాడి కళ్లేమో నా చేతుల మీదే ఉన్నాయి.

“సార్, వాడు నాది పలగ్గొడ్తడు సార్!” అని అరిచాను.

“నీది పలగ్గొట్టి, వాడు ఎవరితోని కలిసి కొడ్తడు బిడ్డా?” అన్నారు సార్, మంటలోకి గడ్డి తోస్తూ.

మైకులో మా బడిని పిలిచారు. కిరణ్ అందించిన డప్పును వేలితో తట్టి చూశాను. దబ్‌మంది. తోలు సరిగ్గా కాగనేలేదు. వాడు పగలగొట్టలేదు. తనది నేను పగలగొడతానేమోనని నన్నే చూస్తూ, నాదాన్ని మంటకు ఎడంగా పట్టుకుని కూర్చున్నాడు. వాడి డప్పు మాత్రం నా చేతిలో ఖంగుమంటోంది. మైకులో రెండోసారి పిలిచారు. సార్ మా ఇద్దరినీ చూస్తూ నిలబడ్డారు.

కిరణ్ నా చేతిలోంచి తన డప్పు తీసుకుని భుజానికి తగిలించుకున్నాడు. దాన్ని నా వైపు తిప్పి, తన చిర్ర నడుముకు దోపుకున్నాడు.

“నీ చిర్ర తియ్యి. సన్నపుల్ల నేను పట్టుకుంట.”

అలాగే ఎక్కాం స్టేజీ, ఇద్దరికీ కలిపి ఒక్క డప్పుతో. మొదటి దెబ్బ నేను వేశాను. రెండోదానికి వాడి పుల్ల వచ్చి అందుకుంది. తర్వాత వెనకవాళ్లు కలిశారు. అందులో ఏ దెబ్బ ఊరిదో, ఏది తండాదో నాకే తెలియలేదు.

బహుమతి వచ్చిందా అని మీరడగొచ్చు. రాలేదు. బస్టాండులో సార్ అందరికీ మిర్చీలు కొనిపెట్టి, “ఇయ్యాల నా చెవుల కడుపు నిండింది” అన్నారు. ఆ మాట కోసం మళ్లీ ఓడిపోమన్నా ఓడిపోతాను.

మూడు కాకముందే సార్ ఇంటికి చేరుకున్నాను. సార్ నుదుటి మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. అక్కడ ఆగలేక బయటికి వచ్చేశాను.

వీధిలో సన్నగా జల్లు మొదలైంది. పాత జట్టంతా చూరు కింద గడ్డిమంట వేసింది. కిరణ్ నా దగ్గరికి వచ్చాడు.

“సార్ పండుగలకే కొట్టుమన్నడు గదరా” అన్నాను.

“ఒక్కసారికి మాఫ్ చేస్తడు తియ్యే.”

తన డప్పు నా చేతిలో పెట్టి, నాది తీసుకుని మంట దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఈసారి నా చేతుల వైపు చూడలేదు. నా డప్పు తోలుకు అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.