ఎడమచేతి ముడి

దయ్యాలకు భయపడేంత తీరిక నాకెప్పుడూ లేదు. కాకినాడలో చదివేటప్పుడు శ్మశానం గోడ పక్క గదిలో నాలుగేళ్ళు హాయిగా నిద్రపోయాను. ఈ దేశానికొచ్చాక కానింగ్ వేల్ అనే చోట ఒక గోడౌన్‌లో ఒంటరిగా నైట్ షిఫ్టులు చేశాను. ఏనాడూ ఏదీ కనబడలేదు. కనబడినా పలకరించే ఓపిక ఉండేది కాదు.

కాబట్టి ఇది నమ్మమని రాయడం లేదు. ఏడాదిగా మోస్తున్నాను, ఎక్కడో ఒకచోట దింపుకోవాలి.

క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఒక చిన్న దీవిలో పడవలు భద్రపరిచే యార్డు ఉంది. అందులో నా ఉద్యోగం. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి ఇదేం పనిరా అని మా నాన్న ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ తుఫాన్ల కాలం. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఉండే యజమానులు తమ యాట్‌లను, అంటే తెరచాప పడవలను, మాకు అప్పగించి పోతారు. మేము వాటిని క్రేన్‌తో నీళ్ళలోంచి ఎత్తి, ఇనప స్టాండ్ల మీద నిలబెట్టి, రెండు పక్కలా వెడల్పాటి పట్టీలతో నేలలోని కాంక్రీటు దిమ్మలకు కట్టేస్తాం. ఆ తర్వాత ఆర్నెల్లూ బూజు తుడవడం, బ్యాటరీలు చూడడం, లోపల చేరిన వాన నీళ్ళు తోడడం. ఆ ఉక్కలో పడవ లోపలికి దిగితే కుక్కర్‌లో కూర్చున్నట్టే. సాయంత్రానికి ఒంట్లో ఉప్పు తప్ప ఏమీ మిగలదు.

వాటిలో ఒకటి సిడ్నీ శివార్లలో, రౌస్ హిల్‌లో ఉండే ఒక తెలుగాయనది. రాజమండ్రి వైపు మనిషి. ముప్పై ఏళ్ళు పళ్ళ డాక్టరుగా చేసి, చేతులు వణకడం మొదలయ్యాక మానేశారు. నేను అంకుల్ అంటాను. పడవకు ఆంటీ పేరే పెట్టుకున్నారు, సుగుణ అని. ఆ ఆంటీ మాత్రం ఒక్కసారి ఎక్కి, వాంతులు చేసుకుని, మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు.

వణుకు ఏటేటా పెరుగుతోంది. వచ్చే మే నెలలో ఒక్కసారి సముద్రం మీదికి వెళ్ళొస్తే చాలు, ఆ తర్వాత తన వల్ల కాదని ఆయనే నాతో చెప్పారు. ఆ ఒక్క ప్రయాణం కోసమే సీజనంతా వారానికోసారి ఫోన్ చేసేవారు.

పడవను ఎత్తిన రోజు దగ్గరుండి చూసుకోవడానికి వచ్చారు. దసరా వెళ్ళి వారమైనా, ఆయుధపూజ బాకీ ఉండిపోయిందంటూ పడవకూ, పట్టీలు బిగించే రాచెట్లకూ కుంకుమ బొట్లు పెట్టారు. "ఇవాళ దీని బర్త్‌డేనా, మేట్?" అని మా మేనేజరు డేవ్ నవ్వాడు. అంకుల్ అతని నుదుటన కూడా ఒకటి పెట్టారు. పాపం, సాయంత్రం దాకా తుడుచుకోలేదు.

ముడి వేయడం నాకు ఆ రోజే నేర్పారు. రాచెట్‌తో బిగించాక మిగిలిన పట్టీ కొస గాలికి కొట్టుకోకుండా కట్టాలి. మా యార్డులో అందరూ టేపు చుట్టేస్తారు. అంకుల్‌కి అది నచ్చదు. మూడు చుట్లు చుట్టి, కొసను వెనక్కి తిప్పి, లోపలికి దోపాలి. ఆయనది ఎడమచేతి వాటం. నా ఎదురుగా కూర్చుని, వణికే వేళ్ళతోనే ఓపిగ్గా చూపించారు. నాది కుడిచేతి వాటం కాబట్టి అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చింది. ఆయన చుట్లు ఒక వైపు వాలితే నావి రెండో వైపు వాలతాయి.

ఎనిమిది పట్టీలూ ఆ రోజు నేనే కట్టాను. ఫైలు కోసం తీసిన ఫోటోలు ఇంకా నా ఫోన్‌లో ఉన్నాయి.

ఫిబ్రవరిలో తుఫాను హెచ్చరిక వచ్చింది. అప్పటికే మూడు వారాలుగా ఒకటే వాన. నేల మెత్తబడి స్టాండ్లు దిగబడ్డాయి, పట్టీలన్నీ వదులయ్యాయి. వదులు పట్టీతో పెద్ద గాలి వస్తే పడవ పడిపోవడం ఖాయం. నలభై పడవలు, ముగ్గురం మనుషులం. రెండు రోజులు సరిగ్గా తిండి కూడా లేదు. గురువారం మూడింటికి దీవి ఖాళీ చేయించే ఆఖరి ఫెర్రీ.

నేను చేసిన తప్పు ఇక్కడుంది. సుగుణ మనవాళ్ళ పడవ కదా, చివర్లో చూద్దాంలే అనుకున్నాను. పెళ్ళిలో ఇంటివాళ్ళను ఆఖరి పంక్తిలో కూర్చోబెట్టినట్టు. ముందు బయటివాళ్ళవి కానిద్దాం, మనవాళ్ళయితే ఏమీ అనుకోరు. ఎవరూ నాకు అలా చేయమని చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ అలవాటైన బుద్ధి.

ఆ చివర రానే లేదు. ఫెర్రీ హారన్ కొట్టింది. వానలో చేతులు తిమ్మిరెక్కి ఉన్నాయి. లిస్టులో సుగుణ ఎదురుగా టిక్కు పెట్టి, సంతకం చేసేశాను. పడవ దగ్గరికి కూడా పోలేదు. గేటుకు నేనే తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఫెర్రీలో నా ఎదురు సీట్లో డేవ్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

ఫెర్రీ కదిలిన కాసేపటికి అంకుల్ ఫోన్ చేశారు.

"కట్టావా నాన్నా?"

"కట్టాను అంకుల్."

"హమ్మయ్య. నువ్వున్నావని ధైర్యంరా. పొద్దుట్నుంచీ కుదురు లేదు. ఇక కాసేపు పడుకుంటాను."

ఫోన్ పెట్టేశాక కిటికీ అద్దంలోంచి దీవి వైపు చూశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా రెండు నిమిషాల్లో నిద్రపట్టేసింది, అదీ నా బతుకు.

తుఫాను దాటిపోయాక శనివారం తిరిగి వెళ్ళాం. గేటు తాళం వేసినట్టే ఉంది. సుగుణకు అటు పక్క పడవ ఒరిగిపోయి ఉంది, ఇటు పక్కది బోర్లా పడింది. సుగుణ మాత్రం నిలబడి ఉంది. దాని ముందే బురదలో కూలబడ్డాను.

తర్వాత లేచి పట్టీ పట్టుకుని చూశాను. తీగలా బిగుసుకుని ఉంది, వేలితో మీటితే మోగింది. ఎనిమిదీ అంతే. కొసలకు ముడులు ఉన్నాయి. మూడు చుట్లు, వెనక్కి తిప్పి, లోపలికి దోపి. చుట్లు వాలింది మాత్రం నా వైపు కాదు. ఫోన్ తీసి పాత ఫోటోలతో పోల్చాను. అన్నీ తిరగబడి ఉన్నాయి.

డేవ్‌ని అడిగాను. "నేను దాని ఛాయలకే పోలేదు మేట్, లిస్టులో నీ సంతకం చూశాను కదా" అన్నాడు. మూడో కుర్రాడికి టేపు చుట్టడం తప్ప వేరే ముడి రాదు.

పడవ క్షేమంగా ఉందని చూపిద్దామని వీడియో కాల్ చేశాను. ఆంటీ ఎత్తారు. "ముందు అంకుల్ చేతులు చూడు బాబూ" అని ఫోన్ అటు తిప్పారు. రెండు అరచేతులకూ కట్లు. గురువారం మధ్యాహ్నం నాతో మాట్లాడి కుర్చీలోనే పడుకున్నారట. రెండు గంటల తర్వాత చెమటలతో తడిసి లేచారట. అరచేతులు ఎర్రగా కమిలి, వేళ్ళ మొదట్లో బొబ్బలు. ఆంటీ ఆ రెండు గంటలూ ఎదురుగా సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నారు. ఆయన కుర్చీలోంచి కదలలేదు. డాక్టరు చూసి వేడి నీళ్ళేమైనా పడ్డాయా అని అడిగాడట.

ఆ బొబ్బలు నాకు తెలుసు. రాచెట్ పిడి పట్టుకుని గంటల తరబడి లాగితే అక్కడే వస్తాయి. సీజను మొదట్లో మాకందరికీ వస్తాయి.

మే నెలలో ఆయన వచ్చారు. పడవను నీళ్ళలోకి దించే ముందు పట్టీలు విప్పాలి. మొదటిది తనే విప్పుతానన్నారు. వేళ్ళు వణికి పట్టు దొరకలేదు. ఆ ముడినే చాలాసేపు చూశారు.

"నువ్వు కుడిచేత్తో కదరా కడతావు?"

నేను తల దించుకున్నాను.

"ఆ రోజు బాగా అలిసిపోయి ఉంటావులే" అన్నారు. నా భుజం తట్టి పక్కకు జరిగారు. ఎనిమిదీ నేనే విప్పాను. విప్పుతుంటే కళ్ళు కనబడలేదు.

నాలుగు రోజులు సముద్రం మీద తిరిగొచ్చాం. నిద్రలో ఏం జరిగిందని ఒకసారి అడిగాను. ఏదో బరువు లాగుతున్నట్టు అనిపించిందనీ, అంతకు మించి గుర్తు లేదనీ అన్నారు.

ఆ పట్టీలు నేను కట్టలేదు, డేవ్ కట్టలేదు. కప్పు టీ రెండు చేతులతో కూడా పట్టుకోలేని మనిషి సిడ్నీలో తన కుర్చీలో నిద్రపోతున్నారు. ఎవరు బిగించారో ఎంత ఆలోచించినా ఇప్పటికీ నాకు అంతుపట్టడం లేదు. ఆయన ఇంకా వారానికోసారి ఫోన్ చేస్తారు, తిన్నావా, నిద్రపోతున్నావా అని అడుగుతారు. కట్టలేదు అంకుల్ అన్న ఒక్క మాట మాత్రం నేను ఇంతవరకూ చెప్పలేదు.